మొక్కు ఎవరి ఖాతాలో రాయాలి? చారిత్రక నవలల పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

చారిత్రక నవలలకు పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, పుస్తకాలు వేస్తున్న సంపాదకులకు, న్యాయనిర్ణేతలకు,

నమస్కారం.

నాది విశాఖపట్నం, వన్‌టౌన్, పాత పోస్టాఫీసు దగ్గర. పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఓడలోంచి దిగిన బస్తా, ఓడలోకి ఎక్కిన బస్తా లెక్కపెట్టి రాసుకోవడమే నా ఉద్యోగం. సాహిత్యంలో నాకున్న అర్హతల్లా చదవడం. మీలో ఒకరి పోటీకి వచ్చిన రాతప్రతుల్ని మొదటి వడపోత పట్టమని ఒక మిత్రుడి ద్వారా నాకు అప్పగిస్తే, వేసవంతా అవే చదువుతూ కూర్చున్నాను. ఏ పోటీయో, ఏ సంస్థో ఇక్కడ అనవసరం. నేను చెప్పేది మీ అందరికీ కాస్త అటూ ఇటూగా తగులుతుంది.

కష్టపడి రాసినవి చాలానే వచ్చాయి. కానీ ఉత్తరాంధ్ర అనేసరికి అందరి కలాలూ బొబ్బిలి కోట ముందే ఆగిపోతాయి. 1757 జనవరి 24, కోట తగలబడటం, తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజుని పొడవడం. ఆ ఘట్టం మీద నాకేం కోపం లేదు, బుర్రకథలో అది వచ్చినప్పుడల్లా ఒళ్ళు జలదరించినవాణ్ణే. నేను వెతికింది ఆ కోటలో పొయ్యి ముట్టించే మనిషిని. నీళ్ళ కావిడి మోసేవాణ్ణి. ఆ పొద్దుట వాళ్ళు ఎక్కడున్నారు, బయటపడ్డారా, బయటపడితే ఏ ఊరు పోయారు? అన్ని రాతప్రతుల్లోనూ కలిపి వాళ్ళకి ఒక్క పేజీ లేదు. "ప్రభూ, శత్రుసేనలు సమీపించుచున్నవి" అని చెప్పి తప్పుకునే భటుడు మాత్రం ప్రతిదాంట్లోనూ హాజరు.

ఇది పాత జబ్బు. ఈమధ్య ఇంకోటి ముదురుతోంది. మొదటి పేజీలో ఒక పాత్ర రాగానే వాడి మతం చూసి వాడు మంచివాడో చెడ్డవాడో చెప్పేయొచ్చు. పాఠకుడికి ఇక టెన్షన్ ఏముంటుంది? ఇవాళ్టి టీవీ చర్చని తీసుకెళ్ళి రెండొందల అరవై ఏళ్ళ కిందటి మనుషుల నోట్లో కుక్కితే అది చారిత్రక నవల ఎలా అవుతుంది? రాసినవాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. బహుమతి దేనికొస్తోందో చూసి రాస్తున్నారు. అందుకే ఉత్తరం మీకు రాస్తున్నాను.

మా జిల్లా సంగతే తీసుకోండి. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చేశాడు. శ్రీకాకుళంలో నిజాం తరఫు అధికారి, ఫౌజుదారు జాఫర్ అలీకి అది నచ్చలేదు. విజయనగరం పూసపాటి విజయరామరాజుకీ నచ్చలేదు. ఇద్దరూ ఒక్కటై అడ్డుపడదామనుకున్నారు. ఫ్రెంచివాళ్ళు తక్కువ శిస్తుకి కౌలు ఇస్తామనేసరికి రాజుగారు అటు తిరిగారు. ఒంటరైపోయిన జాఫర్ అలీ నాగపూరు మరాఠాలకి కబురు పంపాడు. 1754లో వాళ్ళు గుర్రాలేసుకుని దిగి ఊళ్ళకి ఊళ్ళు దోచారు. అంటే ముసల్మాను ఫౌజుదారు పిలిస్తే హిందూ మరాఠాలు వచ్చి, క్రైస్తవ ఫ్రెంచివాళ్ళ అండ ఉన్న హిందూ రాజుగారి పల్లెలు దోచుకెళ్ళారు. ఇందులో మతాన్ని బట్టి పక్షాలు కట్టండి చూద్దాం.

కథ అక్కడితో ఆగలేదు. బొబ్బిలి అయ్యాక అదే 1757లో, జూన్ నెలలో, బుస్సీ విశాఖపట్నం వచ్చి ఇంగ్లీషువాళ్ళ వర్తక కోఠీ పట్టుకున్నాడు. మరుసటేడు విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి, విశాఖ కోట వాళ్ళ చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించాడు. డిసెంబరు 7న చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. ఐదేళ్ళలో ఇన్ని జెండాలు. ఇక మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాణ్ణి ఊహించండి. ఈ తీరంలో బట్ట నాణ్యాన్ని పుంజాల లెక్కన, అంటే పడుగు పోగుల కట్టల లెక్కన, కట్టేవారు. వాడు కంపెనీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నాడు. బట్ట సగం నేశాడు. ఇప్పుడు కోఠీలో జెండా మారింది. మిగతా సగం ఎవరికి నెయ్యాలి? తీసుకున్న బాకీ చెల్లినట్టా, చెల్లనట్టా? కొత్త దొర వచ్చి మళ్ళీ అడిగితే? ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అన్నది వాడి నోట రావలసిన మాట. ఒక్క రాతప్రతిలోనూ ఆ మాట అనడానికి వాడు లేడు.

సింహాచలం మీదా ఒకటి వచ్చింది. గోగులపాటి కూర్మనాథ కవి శతకం చెబితే తుమ్మెదలు లేచి తురక సైన్యాన్ని తరిమాయన్న కథ మా వైపు అందరికీ తెలిసిందే. తుమ్మెదల మెట్ట అని ఇప్పటికీ చూపిస్తారు. ఆ శతకం చదివినవాళ్ళకి తెలుస్తుంది, కవి కోపమంతా దేవుడి మీద. ఊరు తగలబడుతుంటే నువ్వు కొండమీద ఏం చేస్తున్నావయ్యా అని సింహాద్రి అప్పన్నని నిలదీస్తాడు. ఎంత ధైర్యం, ఎంత చనువు! రాతప్రతిలో ఆ చనువు ఎగిరిపోయింది. దేవుడి మీద కోపం మొత్తం శత్రువు మతం మీదికి మళ్ళింది. భక్తుడు పోయి ప్రచారకుడు మిగిలాడు.

ఇప్పుడు మా వీధి సంగతి. పాత రేవు ముందు మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా ఔలియా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. ఫొటో తీసి కింద 'మత సామరస్యం' అని రాయని టూరిస్టు లేడు. నాకు ఆ మాట వింటే ఆవులింత వస్తుంది. ద్వేషం రాయడం ఎంత తేలికో, ఆ మాట రాసేసి చేతులు దులుపుకోవడమూ అంతే తేలిక. అక్కడ ఉన్నది వ్యాపారం, భయం, మొక్కు, బాకీ. వాటి గురించి రాయండి.

1869లో అచ్చైన విశాఖపట్నం జిల్లా మాన్యువల్లో కార్మైకేల్ దొర రాసిన సంగతి ఒకటుంది. రేవులోకి వచ్చే ఓడా, వెళ్ళే ఓడా దర్గాకి మూడుసార్లు జెండా ఎత్తి దించి సలాం చేసేవట. బంగాళాఖాతంలో గాలీవానా ఆ దర్గా ఫకీరు ఇషాక్ మదీనా చెప్పుచేతల్లో ఉంటాయని నమ్మకం. సరుకు క్షేమంగా చేరితే హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న దోనె చేయించి దర్గాలో సమర్పించుకునేవారు. అక్కడే ఒక కోర్టు దావా గురించి కూడా చెప్పాడు. దోనె యజమాని హిందువు, నడిపే సరంగు ముసల్మాను. పూరీ దగ్గర తుపాను పట్టుకుంది. సరంగు ఇషాక్ మదీనాకి ఒక డబ్బు సంచి మొక్కుకున్నాడు. రేవు చేరాక, మొక్కు చెల్లించానని చెప్పి ఆ సొమ్ము యజమాని ఖాతాలో ఖర్చు రాశాడు. లెక్కలు తేల్చుకునేటప్పుడు తగాదా వచ్చింది. యజమాని అభ్యంతరమల్లా ఒక్కటే: వీడు ఆ మొక్కు అసలు చెల్లించలేదు, నా డబ్బు నొక్కేశాడు. అంత గాలిలో ఫకీరుకి మొక్కుకోవడం సబబేనా, దానికి హిందువు డబ్బెందుకివ్వాలి అన్న ప్రశ్న ఇద్దరిలో ఎవరికీ రాలేదు. అది రావలసిన ఖర్చే. రసీదు దగ్గరే పేచీ.

నా సర్వీసంతా వోచర్లు చూసినవాణ్ణి. ఇంతకంటే మంచి వోచరు నాకు తగల్లేదు. ఆ గుమాస్తాని ఊహించుకోండి. దీపం దగ్గర కూర్చుని ఆ పద్దు ఏ తలకట్టు కింద వెయ్యాలో తెలియక కలం పట్టుకున్నాడు. తాళ్ళు, తెరచాప గుడ్డ, కూలీల బత్తెం, ఆ కింద మొక్కు. యజమాని ఇంట్లో అమ్మగారికి దర్గా అంటే గురి, అయ్యగారికి సరంగు అంటే అనుమానం. దర్గా చూసుకునే ముజావరుని రసీదు అడగడానికి ఎవరు వెళ్ళాలి? ముజావరుకి ఒళ్ళు మండదా? చివరికి స్టాంపు కాగితం కొని, ఈ భాషా ఈ సముద్రమూ ఏమీ తెలియని దొర ముందు ఇద్దరూ నిలబడాలి. వలస పాలన మామూలు మనిషి ఇంట్లోకి వచ్చేది ఇలా, కోర్టు ఫీజు రూపంలో. ఫిరంగులు తర్వాత సంగతి. ఈ ఒక్క దావా మీద మూడొందల పేజీల నవల రాసినవాడికి మీ బహుమతి ఇస్తారా? ఇవ్వరని నా అనుమానం. యుద్ధం లేదు కదా.

యుద్ధమే కావాలంటే అదీ ఉంది. 1780లో మైసూరు హైదరాలీ కర్ణాటకం మీద, అంటే ఆర్కాటు సీమ మీద, పడ్డాడు. విశాఖలో ఉన్న కంపెనీ సిపాయిల్ని ఓడెక్కించి మద్రాసు పంపాలని హుకుం. అక్టోబరు 3న వాళ్ళు ఎక్కం పొమ్మన్నారు. తుపాకులు పేలాయి, ఇంగ్లీషు అధికారులు చచ్చిపోయారు, సిపాయిలు ఖజానా దోచుకుని ఊరొదిలి పోయారు. 1857కి 77 ఏళ్ళ ముందు మాట. ఇప్పుడున్న ఫ్యాషన్లో దీన్ని తొలి స్వాతంత్ర్య సమరం అని మొదలుపెడతారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది వేరు. ఆ రోజుల్లో ఇక్కడ హార్బరు లేదు, అది 1933లో వచ్చింది. ఓడ దూరంగా ఆగేది. కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలో, అలల మీంచి ఎగిరిపడుతూ, ఓడ దగ్గరికి వెళ్ళాలి. ఎన్నడూ సముద్రం ఎక్కని రైతుబిడ్డ ఒడ్డున నిలబడి ఆ పడవని చూశాడు. వాడి వెనక పెళ్ళాం, చంకలో పిల్ల. ఎదురుగా పడవ లాగే జాలరి, అతనికి ఈ సిపాయి భయం చూస్తే నవ్వొస్తోంది. తుపాకి పేలడానికి ముందు గంటలో ఆ ముగ్గురి మధ్య నడిచిన మాటలు ఎవరైనా రాయండి.

మతం మారడం గురించి కూడా మన నవలల్లో రెండే రకాలు: మోసపోయినవాడు, వెలుగు చూసినవాడు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. తెలుగులోకి సువార్తలు తేవడంలో వాళ్ళకి సాయపడింది మతం మార్చుకున్న ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజెస్ చచ్చిపోయారు. పుస్తకం 1812లో శ్రీరాంపూర్లో అచ్చయింది. దొరలిద్దరూ పోయాక ఆనందరాయరు ఈ ఊళ్ళో ఎవరితో కూర్చుని అన్నం తిన్నాడు? పండగనాడు ఏ గుమ్మంలో నిలబడ్డాడు? దొరకి తెలుగు నేర్పుతూ, ఒక్కో వాక్యం దగ్గర దొర మాట కాదని తన చెవి చెప్పింది నిలబెట్టుకున్న రోజులు ఉండవా? మోసపోయాడో వెలుగు చూశాడో తేల్చకుండా, ఆ మనిషి పక్కన ఓ పూట కూర్చోగలిగిన రచయిత కావాలి.

కొండల్లోకి వెళితే అల్లూరి ఒక్కడే కనిపిస్తాడు మీ అందరికీ. ఆయన గురించి ఎంత రాసినా తక్కువే, ఒప్పుకుంటాను. అయితే 1900లో సాలూరు వైపు కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర తెగ మనిషి తాను పాండవుల్లో ఒకడినని, తన చంటిబిడ్డ కృష్ణుడని చెప్పాడు. వెదురు కర్రలు తుపాకులవుతాయి, సర్కారు తుపాకులు నీరైపోతాయి అన్నాడు. జనం వేలల్లో చేరారు. పట్టుకోబోయిన పోలీసులిద్దర్ని కొట్టి చంపారు. తర్వాత పెద్ద బలగం వచ్చి కాల్చింది, 11 మంది పోయారు. వెదురు కర్ర తుపాకి కాలేదు. దీన్ని మూఢనమ్మకమని నవ్వేసి రాయొచ్చు, తిరుగుబాటని పొగిడి రాయొచ్చు. ఆ బిడ్డ తల్లి వైపు నుంచి రాయడం కష్టం. మొగుడు తన పసివాణ్ణి దేవుణ్ణి చేశాడు, ఊళ్ళవాళ్ళు వచ్చి కాళ్ళకి దండం పెడుతున్నారు, ఆమె వాడికి పాలివ్వడానికి జనంలోంచి దారి అడగాలి.

1922లో అల్లూరి తిరుగుబాటు మీదికి మన్యంలోకి వచ్చిన మలబారు స్పెషల్ పోలీసులనీ గుర్తు చేస్తాను. అంతకు ముందేడు కేరళ వైపు మలబారులో మాప్పిళ్ళ ముసల్మానుల తిరుగుబాటు అణచడానికి పెట్టిన దళం అది. ఒక రేవు నుంచి ఒక కొండకి మార్చినట్టు వాళ్ళని ఇక్కడికి మార్చారు. అక్కడ తన ఇరుగుపొరుగుల మీద, ఇక్కడ ముక్క భాష రాని కొండవాళ్ళ మీద తుపాకి గురిపెట్టిన ఆ కానిస్టేబులు ఇంటికి ఉత్తరం రాస్తే ఏం రాసుంటాడు? మన నవలల్లో వాడు గుంపులో మనిషి. కాలిస్తే కాలుస్తాడు, చస్తే చస్తాడు.

ఇక రంగం. మా పెద్దవాళ్ళు రంగూన్ని అలాగే అనేవారు. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లలో వేలమంది వెళ్ళారు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని వెళ్ళి, రేవులో బస్తాలు మోసి, రిక్షా లాగి, డబ్బు పంపేవారు. అక్కడివాళ్ళు వాళ్ళని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో ఈ తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చాయి. సమ్మె తెగగానే వాళ్ళని పొమ్మన్నాయి. ఆ కోపం కంపెనీల మీదికి పోలేదు, కోరంగీల మీద పడింది. వందమందికి పైగా చచ్చిపోయారు. 1938లో ఒక పుస్తకం మీద బౌద్ధులకీ ముసల్మానులకీ మొదలైన గొడవలో హిందూ కూలీలూ దెబ్బలు తిన్నారు. కొట్టేవాడికి చీకట్లో నుదుటి బొట్టు కనపడదు, ఒంటి రంగు కనపడుతుంది. 1942లో జపాను సైన్యం రంగూన్ పట్టుకుంది. ఉన్నదంతా వదిలేసి ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు అడవుల్లో నడిచి వచ్చారు. బాంబుల్ని తప్పించుకుని ఇంటికి చేరినవాళ్ళకి ఏప్రిల్ 6న విశాఖలోనే జపాను బాంబులు పడ్డాయి.

ఇదంతా కనుమరుగైన సంగతేం కాదు. తర్వాత కాలంలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఉండే బర్మా క్యాంపు కంచరపాలెం వైపు ఇప్పటికీ ఉంది. సాయంత్రం వెళితే కొబ్బరిపాల చారు పోసిన నూడుల్స్ పెడతారు, వేయించిన ఉల్లిపాయ పైన జల్లి. పక్కనే నిమ్మచెక్క. తింటూ మాట్లాడితే కథలు వాటంతటవే వస్తాయి. హైదరాబాదులో కూర్చుని విశాఖ నవల రాసేవాళ్ళలో ఎంతమంది ఆ బండి దగ్గర నిలబడ్డారో నాకు అనుమానమే.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. పోటీ ప్రకటనలో "మన వీరుల ఘనచరిత్రను చాటే" అన్న వాక్యం తీసేయండి. ఆ ఒక్క వాక్యంతోనే సగం మంది రచయితలు గుర్రం ఎక్కేస్తున్నారు. బహుమతి సొమ్ములో కొంత ముందే ఇవ్వండి, ఓ నాలుగు రాతపథకాలు ఎంచుకుని. చెన్నై ఆర్కైవ్స్‌కి వెళ్ళి పాత రికార్డులు చూడటానికి రైలు టికెట్టూ గది అద్దే చాలా మందికి అడ్డు. జాలరి పాత్ర జాలరిలా మాట్లాడితే మార్కులు తగ్గించకండి. "ఏటి సేత్తాం" అన్నవాడి నోట "ఏమి చేయుదుము" పెట్టమని అచ్చుకి ముందు సలహా ఇచ్చారని ఒక కుర్ర రచయిత నా దగ్గర వాపోయాడు. న్యాయనిర్ణేతల్లో ఒక్కరైనా ఆ ఊరివాళ్ళు ఉండాలి, ప్రొఫెసరే కానక్కర్లేదు. జాలారిపేట పెద్దమనిషి చాలు, తెప్ప ఎటు తిరుగుతుందో చెబుతాడు. నేను చదివిన ఒక రాతప్రతిలో విశాఖ జాలరి తెల్లవారుజామున సముద్రంలోకి, సూర్యుణ్ణి వీపుకి పెట్టుకుని వెళ్ళాడు. మా సముద్రం తూర్పున ఉందండీ.

ఇంకోటి. మతకలహం ఉన్న రాతప్రతి వస్తే, న్యాయనిర్ణేతలు ఒక చిన్న పరీక్ష పెట్టండి. అందులో శత్రువు మతంవాడి ఇంట్లో ఏం వండుకున్నారో రాశాడా? వాడికి ఎవరు బాకీ, వాడు ఎవరికి బాకీ? ఇవి తెలియకుండా వాడిని చంపేసిన రచయితకి ఈ ఏడు ప్రోత్సాహక బహుమతి కూడా వద్దు. రాజులు ఉండకూడదని కాదు. ఉండనివ్వండి, శిస్తు వసూలు చెయ్యడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

ఈసారి ప్రకటన వచ్చేలోగా వీటిలో ఏ రెండైనా ఆలోచిస్తే సంతోషం. మొదటి వడపోతకి మళ్ళీ పిలిస్తే వస్తాను. పారితోషికం మాత్రం పోయినసారిలాగా మీ పాత స్టాకు పుస్తకాల కింద కట్టకండి, మా ఇంట్లో బీరువా నిండిపోయింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టాలీ క్లర్కు,
పాత పోస్టాఫీసు, విశాఖపట్నం